కాగితాన్ని రుద్దలేదుగా, మరి ఎందుకు ఎగిరింది?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరి అంటుకున్నాయి. "విజాతి ఆవేశాలే ఆకర్షించుకుంటాయని పుస్తకంలో ఉంది. కాగితాన్ని మనం రుద్దలేదుగా, దానికి ఆవేశం ఎక్కడిదమ్మా?" అని అడిగింది. తెల్లమొహం వేశాను. పైగా కొన్ని ముక్కలు అంటుకున్న కాసేపటికి ఎవరో తన్నినట్టు ఎగిరిపోయాయి. - ఒక గృహిణి, తణుకు

జవాబు: జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పానమ్మా. ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా తరఫున అమ్మాయికి ఒక మంచి పెన్ను కొనివ్వండి.

కాగితానికి ఆవేశం లేదంటే, లోపల ధన, రుణ ఆవేశాలు సరిసమానంగా ఉన్నాయని అర్థం, అసలు లేవని కాదు. జుట్టుకు రాసుకున్న ప్లాస్టిక్ దువ్వెన సాధారణంగా ఎలక్ట్రాన్లను లాక్కుని రుణావేశం పొందుతుంది. అది దగ్గరికి రాగానే కాగితం అణువుల్లో ఎలక్ట్రాన్లు పిసరంత అవతలికి ఒదుగుతాయి. దాంతో దువ్వెన వైపు ధనం, అవతల రుణం తేలతాయి. ఇవతలి వైపును దువ్వెన లాగుతుంది, అవతలి వైపును నెడుతుంది. రెండూ సమానమైతే ముక్క కదలదు. కానీ అవతలి వైపు దువ్వెనకు కాస్త ఎక్కువ దూరం. దూరం పెరిగితే బలం తగ్గుతుంది, ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ అనే శాస్త్రవేత్త సన్నని తీగ మెలికను కొలిచి తేల్చిన సంగతి ఇది. కాగితం మందం ఎంతని? అయినా ఆ కాస్త తేడాకే లాగుడు గెలుస్తుంది.

ఆయన పేరుతోనే ఆవేశాన్ని కొలుస్తాం. ఒక్కో కూలుంబ్ ఆవేశమున్న రెండు వస్తువులు మీటరు దూరంలో ఉంటే, వాటి మధ్య బలం దాదాపు 9 లక్షల టన్నుల బరువంత! దువ్వెన మీద ఉండేది కూలుంబ్‌లో కోటో వంతు కన్నా తక్కువే. కాగితం ముక్కకు అది చాలు.

ఇక తన్నేసిన ముక్కల సంగతి. దువ్వెనను తాకుతూ ఉంటే దాని ఆవేశం కొంత కాగితానికి ఎక్కుతుంది. ఇద్దరిదీ ఒకే జాతి అయ్యాక వికర్షణే. కాగితం మెల్లగా ఎక్కించుకుంటుంది. మాత్రల అట్ట వెనక రేకును చిన్న ముక్కలు చేసి చూడండి, తాకీ తాకగానే ఎగురుతాయి. ఆవేశం లేనిదాని మధ్య కూడా ఆకర్షణ ఉంటుందని చూశాం కదా, అందుకే మేం ల్యాబ్‌లో ఏదైనా వస్తువు బెండు బంతిని ఆకర్షించినంత మాత్రాన దానికి ఆవేశం ఉందని రాయనిచ్చేవాళ్లం కాదు. వికర్షిస్తేనే నమ్మేవాళ్లం. (ఆ బంతి జొన్నదంటు లోపలి బెండుతో మేమే చేసుకునేవాళ్లం.)

ఒక ఆగస్టులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరు ముందు ఈ దువ్వెన ప్రయోగమే మొదలుపెట్టాను. ఒక్క ముక్కా లేవలేదు. నా తల నిండా కొబ్బరినూనె, బయట ముసురు! గాలిలో తేమ దువ్వెన మీద సన్నటి పొరలా పట్టి, పుట్టిన ఆవేశాన్ని పుట్టినట్టే జార్చేస్తోంది. మా అటెండరు నవ్వాపుకుంటూ వచ్చి, దువ్వెనను వంద వాట్ల బల్బు దగ్గర వెచ్చబెట్టి, తన పొడి జుట్టుకు నాలుగుసార్లు రాశాడు. ముక్కలు లేచాయి. ఆఫీసరు ఆయన పేరే అడిగి రాసుకున్నారు.

మీ అమ్మాయితో మళ్లీ చేయాలంటే ఆదివారం తలంటు అయ్యి, జుట్టు పూర్తిగా ఆరాక చేయండి. నూనె సీసా ఆ తర్వాతే తీయండి.