బఫింగ్ మిషను ఊగుతుంటే పని ఆపు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

చెన్నై అంబత్తూరులో షెడ్డు అద్దెకు తీసుకుని బఫింగ్ మిషను మీద, అంటే గిర్రున తిరిగే గుడ్డ చక్రంతో, ఇత్తడి కుందులకు పాలిషు పెట్టే పని మొదలుపెట్టావని అక్కయ్య చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. నిన్న ఫోనులో నువ్వు "మిషను కొంచెం ఊగుతోంది, అయినా పని జరుగుతోంది" అన్నావు చూడు, ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఊగే మిషను మీద ఇంకొక్క కుంది కూడా పెట్టకు. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీసి కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టుకో. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడు. గరగర చప్పుడు వచ్చినా, షాఫ్టును పట్టుకుని కదిలిస్తే అటూ ఇటూ ఆడినా బేరింగులు అరిగినట్టే. అవి బాగుంటే చక్రానికి రెండు పక్కలా ఉండే బిళ్లలు ఒకే సైజువో కాదో, మిషనును బల్లకు బిగించిన బోల్టులు వదులయ్యాయో లేదో చూడు. కొత్త గుడ్డ చక్రం మొదట్లో కొంత ఊగుతుంది. దాన్ని ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వు. ఆ నిమిషం ఎదురుగా కాకుండా పక్కకు తొలగి నిలబడు.

ఎడమవైపు నట్టు ఊడటం లేదని సుత్తితో కొట్టావట. కొట్టకు నాయనా. ఆ వైపు మర ఎదురు మర. గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. చక్రం తిరిగే కొద్దీ నట్టు బిగుసుకోవాలని అలా చేస్తారు.

ఇక చెయ్యి సంగతి. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే మోటారుకు 200 మిల్లీమీటర్ల చక్రం తగిలిస్తే దాని అంచు గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అది మెత్తని గుడ్డే కదా అనిపిస్తుంది. గిండీలో పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకుని ఒక ఇత్తడి పళ్లెం పై అంచును చక్రానికి ఎదురుగా పట్టాను. చేతిలోంచి ఎప్పుడు పోయిందో తెలియలేదు. బల్లకు కొట్టుకుని వంగిపోయింది, నా బొటనవేలి గోరు ఊడింది. వస్తువును ఎప్పుడూ చక్రం నడిమి ఎత్తుకు కొంచెం కిందుగా ఆనించు. చక్రం వస్తువు అంచు మీదుగా జారిపోవాలి గాని ఆ అంచుకు ఎదురు రాకూడదు. కింది సగం మెరిశాక వస్తువును తిప్పి పట్టుకుని మిగతా సగం చెయ్యి.

గుడ్డ చేతితొడుగులు వద్దు. చక్రం దారాన్ని పట్టిందంటే వేలిని కూడా లాగుతుంది. వస్తువు వేడెక్కితే పక్కన పెట్టి చల్లారనివ్వు. ముఖానికి పారదర్శకమైన కవచం, ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. ఇత్తడికి వాడిన చక్రాన్ని స్టీలుకు వాడకు, చక్రానికి రుద్దే ఒక్కో రకం పాలిషు కడ్డీకి ఒక్కో చక్రం ఉంచుకో. చక్రం నల్లగా జిడ్డు పట్టిందంటే కడ్డీ ఎక్కువ రుద్దుతున్నావన్న మాట. మిషను చుట్టూ పేరుకునే నూలు పీచును రోజూ ఊడ్చెయ్యి. దాని దగ్గర గ్రైండింగ్ చేయనివ్వకు, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

మోటారు హుమ్మని శబ్దం చేస్తూ తిరగకపోతే వెంటనే ఆపు. చక్రాన్ని చేత్తో తిప్పి స్టార్టు చేయాలని చూడకు. ఎక్కువసార్లు మోటారు స్టార్టు కావడానికి తోడ్పడే కెపాసిటరే పోయి ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా దానిలో కరెంటు నిలిచి ఉండవచ్చు కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించు.

వానాకాలం వస్తోంది. 2015 డిసెంబరు వరదల్లో మా షెడ్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఆత్రంగా స్విచ్చి వేసి ఒక మంచి మోటారును కాల్చుకున్నాను. తడిసిన మోటారును పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరుతో) పరీక్ష చేయించాకే కరెంటు ఇవ్వాలి. నీ మిషను నేల మీది బల్ల పైనే ఉంది కదా, కిందున్న ప్లగ్గు బోర్డును మాత్రం గోడకు పైకి ఎక్కించు.

ఆదివారం ఉదయం బేరింగులు, నా పాత స్పానర్లు తీసుకుని వస్తాను. అంతవరకు ఆ మిషను ప్లగ్గు పెట్టకు.

నీ మామయ్య