అమెరికాలో పల్లె ప్రాంతం నుంచి కన్జర్వేటివ్ అభ్యర్థి కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోవడం దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎందుకు ఓడిపోయారు?

నేను చూశాను. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలోని పాట్స్‌డామ్ అనే చిన్న ఊళ్లో ఎం.ఎస్. చేస్తుండేవాణ్ణి. న్యూయార్క్ అనగానే పెద్ద పెద్ద భవనాలు గుర్తొస్తాయి గానీ, మా ఊరు ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉంటుంది. న్యూయార్క్ నగరం కంటే కెనడా రాజధాని ఒట్టావాయే మాకు చాలా దగ్గర. చుట్టూ మొక్కజొన్న చేలు, ఆవుల కొట్టాలు, చలికాలమంతా మంచు. ఆ ప్రాంతాన్ని నార్త్ కంట్రీ అంటారు. అప్పట్లో అది 23వ కాంగ్రెస్ నియోజకవర్గం. ఇక్కడ కాంగ్రెస్ అంటే మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు. విద్యార్థి వీసా మీద ఉన్నవాణ్ణి, నాకు ఓటు లేదు. కానీ ఆ ఎన్నిక మా ఇంటి ఓనర్ల వంటింట్లో కూర్చుంది. అక్కడ జరిగిందంతా నాకు ఇప్పటికీ గుర్తే.

ముందు ఎన్నిక ఎందుకొచ్చిందో చెప్తాను. 1993 నుంచి అక్కడ సభ్యుడిగా ఉన్న రిపబ్లికన్ జాన్ మెక్‌హ్యూని డెమొక్రటిక్ అధ్యక్షుడు ఒబామా తన ప్రభుత్వంలో ఆర్మీ సెక్రటరీగా, అంటే సైన్యం వ్యవహారాలు చూసే పదవిలోకి, తీసుకున్నారు. సీటు ఖాళీ అయింది, ఉప ఎన్నిక వచ్చింది. ఉప ఎన్నికకు అక్కడ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని పార్టీ ఓటర్లే ఎన్నుకునే పోటీ, ఉండదు. 11 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) రిపబ్లికన్ అధ్యక్షులు కూర్చుని టికెట్ ఎవరికో తేల్చేశారు. అది డీడీ స్కోజఫావా అనే రాష్ట్ర అసెంబ్లీ సభ్యురాలికి దక్కింది. మా ఊరికి దగ్గర్లోని గవర్నూర్‌కు ఒకప్పుడు మేయర్‌గా చేసిన మనిషి. అయితే ఆవిడ అబార్షన్ హక్కుకు, స్వలింగ వివాహాలకు అనుకూలం. ఆ టికెట్టే అడిగి దొరక్కపోయిన డగ్ హాఫ్‌మన్ కన్జర్వేటివ్ పార్టీ తరఫున నిలబడ్డారు. మన దగ్గరైతే రెబెల్ అంటాం. న్యూయార్క్‌లో ఈ చిన్న పార్టీలకు బ్యాలెట్ మీద సొంత వరస ఉంటుంది. మామూలుగా కన్జర్వేటివ్ పార్టీ రిపబ్లికన్ అభ్యర్థి పేరునే తన వరసలోనూ పెట్టుకుంటుంది. ఆ ఏడాది పెట్టుకోలేదు.

హాఫ్‌మన్ కష్టపడి పైకొచ్చిన మనిషే. సారనాక్ లేక్ అనే ఊళ్లో పుట్టి, అకౌంటెంట్ అయ్యి, 1980లో లేక్ ప్లాసిడ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కు లెక్కల బాధ్యత చూశారు. మా ఓనరు పెద్దాయనకు ఆయనంటే గౌరవం. "రాజకీయం చేసే మొహం కాదు, లెక్కలు తెలిసిన మొహం" అనేవారు. సెప్టెంబరు చివర్లో హాఫ్‌మన్ పేరున్న బోర్డు తెచ్చి ఇంటి ముందు గడ్డిలో పాతారు. సన్నటి ఇనప తీగ స్టాండుకు తగిలించిన ప్లాస్టిక్ అట్ట. గాలికి ఒరిగిపోతుంటే రోజూ పొద్దున్నే పోయి నిలబెట్టి వచ్చేవారు.

పెద్దాయన జీవితమంతా పాడి. అప్పటికి ఆవుల్ని కొడుకు చూసుకుంటున్నాడు. ఆ ఏడాది పాల ధర కుప్పకూలింది. వంద పౌండ్ల పాలకు, అంటే సుమారు 45 కిలోలకు, రైతు చేతికి వచ్చింది 11, 12 డాలర్లు. దాణా, డీజిల్ కలిపితే ఖర్చు అంతకంటే ఎక్కువ. మా అమ్మ మా ఊళ్లో రెండు పూటలా పాలకేంద్రంలో పాలు పోసేది, వెన్న శాతం చూసి రేటు కట్టేవాళ్లు. ఆ సంగతి చెప్తే ఆయన చాలాసేపు వివరాలు అడిగారు. చివరికి, "ధర మన చేతిలో లేకపోవడం అక్కడా ఇక్కడా ఒకటే అన్నమాట" అన్నారు. నాతో ఆయన మనసు విప్పి మాట్లాడటం మొదలైంది ఆ రోజే.

అక్టోబరు వచ్చేసరికి ఆ చిన్న ప్రాంతం మీద దేశమంతా వచ్చి పడింది. 2008లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి అయిన సారా పేలిన్ సొంత పార్టీ అభ్యర్థిని కాదని హాఫ్‌మన్‌కు మద్దతు ప్రకటించారు. ప్రతినిధుల సభకు ఒకప్పుడు స్పీకర్‌గా చేసిన రిపబ్లికన్ న్యూట్ గింగ్రిచ్ ఏమో స్కోజఫావా వైపు. పన్నులు తగ్గించాలనే క్లబ్ ఫర్ గ్రోత్ లాంటి సంస్థలు హాఫ్‌మన్ కోసం టీవీ ప్రకటనలకు డబ్బు కుమ్మరించాయి. ఇంట్లో ఫోన్ మోగితే చాలు, ఎన్నిక ఫోనే. ప్రకటనల నిండా పన్నులు, వాషింగ్టన్, ఒబామా, అప్పటి డెమొక్రటిక్ స్పీకర్ పెలోసీ. పాల ధర మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ ఏడాదే మసీనాలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మూతపడింది, దాని ఊసూ లేదు. వాటర్‌టౌన్ నుంచి తూర్పుకు పెద్ద హైవే కావాలని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 'రూఫ్‌టాప్ హైవే' అంటే అక్కడ అందరికీ తెలుసు. దాని సంగతీ అంతే.

అప్పుడే వాటర్‌టౌన్ డైలీ టైమ్స్ పత్రిక సంపాదకులతో హాఫ్‌మన్ సమావేశం జరిగింది. పక్కన టెక్సాస్‌కు చెందిన డిక్ ఆర్మీ అనే నాయకుడు కూర్చున్నారు, ఒకప్పుడు ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నేత. స్థానిక సమస్యల మీద అడిగితే హాఫ్‌మన్ తడబడ్డారు. ఆర్మీ కలగజేసుకుని అవి చిన్న పరిధి విషయాలన్నట్టు కొట్టిపారేశారు. హాఫ్‌మన్ ఇల్లున్న లేక్ ప్లాసిడ్ నియోజకవర్గం గీతకు అవతల ఉంటుంది. నాన్‌లోకల్ అన్న మాట ముందే ఉంది, ఇది దానికి తోడైంది.

ఆ పేపరు పెద్దాయన రెండుసార్లు చదివారు. మడిచి టేబుల్ మీద పెట్టి, కళ్లజోడు తీసి దాని మీద పెట్టారు. "మా పాలు చిన్న విషయమా?" అన్నారు, అంతే. మర్నాడు బోర్డు ఒరిగితే లేపడానికి వెళ్లలేదు. పీకెయ్యనూ లేదు.

అక్టోబరు 31న, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, స్కోజఫావా ప్రచారం ఆపేశారు. ఆ సాయంత్రం హాలోవీన్. పిల్లలు వేషాలు వేసుకుని తలుపు కొడుతుంటే ఓనరమ్మ చాక్లెట్లు పంచుతూనే టీవీ వైపు చూస్తోంది. ఆవిడ పుట్టిల్లు గవర్నూర్ వైపే, డీడీని మేయర్‌గా ఉన్నప్పటి నుంచి ఎరుగును. "బయటివాళ్లు వచ్చి మా పిల్లను ఏడిపించి పంపారు" అంది. మర్నాడు స్కోజఫావా ఏకంగా డెమొక్రటిక్ అభ్యర్థి బిల్ ఓవెన్స్‌కు మద్దతు చెప్పారు. పోలింగ్ ముందురోజు అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ వాటర్‌టౌన్ వచ్చి ప్రచారం చేశారు.

నవంబరు 3న ఓనర్లిద్దర్నీ నా కారులోనే పోలింగ్‌కు తీసుకెళ్లాను, పెద్దాయనకు మోకాలి నొప్పి. తిరిగొస్తూ ఆయన హాఫ్‌మన్‌కే వేశానన్నారు. ఆవిడ, "నేను డీడీకే వేశాను. పేరు బ్యాలెట్ మీద ఉంది, ఓటు నాది" అంది. ఇంటికొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఓవెన్స్‌కు సుమారు 48 శాతం, హాఫ్‌మన్‌కు 46, తప్పుకున్న స్కోజఫావాకు 5 శాతం పైనే వచ్చాయి. తేడా మూడున్నర వేల ఓట్లు. స్కోజఫావాకు పడినవి ఎనిమిది వేలు దాటాయి. అందుకే "ఓట్లు చీలి ఓడిపోయాడు" అని ఇప్పటికీ అంటారు. లెక్క తప్పు కాదు, కానీ నేను ఒప్పుకోను. ఆ ఎనిమిది వేల ఓట్లు హాఫ్‌మన్ జేబులో ఉన్నవి కావు. ఓనరమ్మ ఎప్పుడూ రిపబ్లికనే. హాఫ్‌మన్ ఆవిడ ఇంటి గడప దగ్గరికొచ్చి ఆవుల సంగతి, కొడుకు అప్పు సంగతి అడిగి ఉంటే ఆ ఓటు మారేది, నేను గట్టిగా చెప్పగలను. ఎదుటి మనిషి ఓవెన్స్ ప్లాట్స్‌బర్గ్ లాయరు. అక్కడి వైమానిక స్థావరంలో పనిచేసి, ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. స్థావరం మూతపడ్డాక అక్కడికి మళ్లీ ఉద్యోగాలు తెచ్చే పనిలో ఆయన చెయ్యి ఉంది. అంతకుముందు ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోలేదు. మాట్లాడితే ఉద్యోగాల గురించే. పైగా ఆ నియోజకవర్గం కళ్లు మూసుకుని రిపబ్లికన్లకు వేసేదేమీ కాదు, 2008లో అక్కడ ఒబామాకు 52 శాతం వచ్చాయి.

ఫలితం రాత్రి హాఫ్‌మన్ ఓటమి ఒప్పుకున్నారు. తర్వాత లెక్క సరిచూస్తే తేడా తగ్గిందని తెలిసి ఆ మాట వెనక్కి తీసుకున్నారు, కొన్నాళ్లకు మళ్లీ ఒప్పుకున్నారు. ఈలోగా ఓవెన్స్ ప్రమాణం చేయడం, ఆ మర్నాడే, నవంబరు 7న, రిపబ్లికన్లు వ్యతిరేకించిన ఆరోగ్య బీమా బిల్లుకు అనుకూలంగా ఓటు వేయడం అయిపోయాయి. అది 220-215 తేడాతో నెగ్గింది. పెద్దాయన బాధపడింది దానికి. "మా గొడవలో మేముంటే అక్కడ ఆ పని అయిపోయింది" అన్నారు.

2010లోనూ ఇదే జరిగింది. హాఫ్‌మన్ ఈసారి రిపబ్లికన్ ప్రైమరీలో మ్యాట్ డోహెనీ చేతిలో ఓడారు. కన్జర్వేటివ్ వరసలో మాత్రం పేరు ఉండిపోయింది. చివర్లో డోహెనీకి వేయమని చెప్పినా హాఫ్‌మన్‌కు సుమారు 6 శాతం పడ్డాయి. ఓవెన్స్ దాదాపు 2 శాతం తేడాతో బయటపడ్డారు.

నేను ఆ ఊరు వదిలింది 2010 వేసవిలో. ఆ బోర్డు తీగ స్టాండు పెరట్లో టమాటా మొక్కకు ఊతంగా గుచ్చి ఉంది. 2014లో ఓవెన్స్ పోటీ చేయలేదు, రిపబ్లికన్ ఎలీస్ స్టెఫానిక్ గెలిచి సీటు వెనక్కి తెచ్చుకున్నారు. ఆ వారం పెద్దాయనకు ఫోన్ చేశాను. ఎన్నిక గురించి రెండు మాటలు మాట్లాడి, కొడుకు ఆవుల్ని అమ్మేశాడని చెప్పారు. ఆ తర్వాత మా అమ్మ ఇంకా పాలు పోస్తోందా అని అడిగారు.