ల్యాబ్‌లో సోకిన టీబీ పాపకూ వస్తే యజమానిని అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, గుంటూరులో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీతం 18 వేలు, ఈఎస్ఐ ఉంది. కళ్లె శాంపిళ్లన్నీ నేనే చూస్తాను. బయోసేఫ్టీ క్యాబినెట్ (శాంపిళ్లలోని క్రిములు గాల్లో కలవకుండా ఆపే యంత్రం) పనిచేయడం లేదని 2024 వేసవిలోనే చెప్పాను, బాగు చేయించలేదు. వర్షాకాలంలో దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీయించుకుంటాను, సెలవివ్వండి అంటే ‘స్టాఫ్ లేరు, మాస్క్ పెట్టుకుని రండి’ అని మేనేజర్ వాట్సాప్ చేశారు. డిసెంబరులో నాకు టీబీ అని తేలింది. ఆ తర్వాత నెలలో ఆరేళ్ల మా పాపకూ తేలింది. యజమానిని నష్టపరిహారం అడగొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అడగొచ్చమ్మా. అయితే మీ కేసు వేరు, పాప కేసు వేరు. రెండూ ఒకే కాగితం మీద పెట్టకండి.

మీది సులువు. మీకు జబ్బు తేలిన నాటికి అమల్లో ఉన్నది 1948 ఈఎస్ఐ చట్టం. ల్యాబ్ పనిలో సోకే అంటువ్యాధి అందులోని వృత్తి వ్యాధుల పట్టికలోనే ఉంది. పని వల్ల రాలేదని రుజువైతే తప్ప పని వల్ల వచ్చినట్టే లెక్క. చాలామందికి టీబీని మామూలు జబ్బుగా రాసి 80 శాతం వేతనంతో సరిపెడతారు. వృత్తి వ్యాధిగా నమోదైతే పనికి వెళ్లలేని రోజులకు 90 శాతం వస్తుంది. మీ క్లెయిమ్ ఏ పద్దు కింద రాశారో బ్రాంచి ఆఫీసులో చూసుకోండి. పాప వైద్యం కూడా ఈఎస్ఐలోనే జరుగుతుంది.

ఇక పాప సంగతి. ‘ఈఎస్ఐ ఉంది కదా, కోర్టుకెళ్లే హక్కు లేదు’ అని యజమాని అనవచ్చు. ఆ ఈఎస్ఐ చట్టంలోని సెక్షన్ 53 అడ్డుపడేది ఉద్యోగికి జరిగిన హానికి. పాప మీ యజమాని దగ్గర పనిచేయలేదు. ఆమె ఊపిరితిత్తులకు వచ్చిన జబ్బు మీ జబ్బులో భాగం కాదు. అందుకే ఆమె పేరు మీద నిర్లక్ష్యానికి నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టులో వేరే దావా వేయవచ్చు. తల్లిగా మీరే ఆమె తరఫున నిలబడతారు.

ఇలాంటి దావాలు మన దగ్గర అరుదు కాబట్టి బయటి తీర్పులు చూపిస్తారు. కార్మికుడి బట్టల మీద ఇంటికొచ్చిన ఆస్బెస్టాస్ ధూళి కుటుంబానికి జబ్బు తెస్తే యజమానికి బాధ్యత ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అదే కోర్టు 2023లో, నిర్మాణ పనికి వెళ్లే భర్త నుంచి భార్యకు కోవిడ్ సోకిన కేసులో మాత్రం బాధ్యత లేదంది. ఒప్పుకుంటే దావాలకు అంతుండదన్నది అక్కడ ప్రధాన కారణం. ఈ తీర్పులకు మన కోర్టులు కట్టుబడి ఉండక్కర్లేదు, కానీ అవతలి వకీలు రెండోదే పట్టుకొస్తారు. మీ కేసు మొదటిదానికి దగ్గరని నా గట్టి అభిప్రాయం. ఊరంతా పాకిన వైరస్ కాదిది. ఫలానా గదిలో, పాడైన ఫలానా యంత్రం ముందు ఉన్న ముప్పు. రిపేరు చేయిస్తే తగ్గేది.

అసలు చిక్కు రుజువు దగ్గరే. బడిలో సోకిందేమో అంటారు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే టీబీ రోగి నుంచి ఇతరులకు సోకడం బాగా తగ్గుతుంది. సెలవిచ్చి ఉంటే మీకు వర్షాకాలంలోనే మందులు మొదలయ్యేవి. డిసెంబరు దాకా పాప మీ పక్కనే పడుకుని ఆ గాలి పీల్చింది. దావాకు ఆయువుపట్టు ఆ మెసేజే. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఆ ఫోన్‌నే జాగ్రత్తగా దాచండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సిబ్బందికి ఏటా ఆరోగ్య పరీక్ష చేయించి రికార్డు ఉంచాలి. మీకు చేయించారా? లేకపోతే అదీ వాళ్ల నిర్లక్ష్యమే. క్యాబినెట్ గురించి మీరు రిజిస్టరులో రాసి ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

పాప మైనరు కాబట్టి ఆమెకు 21 ఏళ్లు నిండేదాకా దావాకు గడువుంటుంది. కానీ అన్నేళ్లు రిజిస్టర్లూ ఉండవు, సాక్షులూ ఉండరు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. గుంటూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి.

అంతకంటే ముందు ఒక పని ఉంది. చిన్నపిల్లలకు కళ్లె సరిగా రాదు కాబట్టి కల్చర్ (కళ్లె నుంచి ల్యాబ్‌లో పెంచిన టీబీ క్రిములు) దొరకడం కష్టం. మీదీ పాపదీ రెండూ ఉంటే, జన్యు పరీక్షతో రెండు క్రిములూ ఒకటేనో కాదో తేల్చవచ్చు. వాటిని పారేయకుండా ఉంచమని జిల్లా టీబీ అధికారికి ఈ వారమే రాసివ్వండి, రసీదు తీసుకోండి.