పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ప్యాకెట్ మీద నంబరుకి ఫోన్ చేశాక...

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. రోజుకి పన్నెండు, పదిహేను సిగరెట్లు అవుతాయి. ప్యాకెట్ మీదున్న 1800-11-2356కి ఒకసారి ఫోన్ చేశాను. వివరాలు అడిగారు, బాగానే మాట్లాడారు. మూడో రోజుకే మళ్ళీ మొదలుపెట్టేశాను. అసలు ఈ ఫోన్ల వల్ల ఉపయోగం ఉంటుందా?
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక్క ఫోన్‌తో వదిలేస్తే పెద్దగా ఉండదు. పొగాకు మానడానికి సాయపడే ఈ క్విట్‌లైన్ సర్వీసు వరసగా చేసే ఫోన్ల మీద నడుస్తుంది. మొదటి కాల్‌లో మీ అలవాటు సంగతి రాసుకుంటారు, మానే తేదీ ఒకటి పెట్టిస్తారు. ఆ తర్వాత వాళ్ళే ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతారు. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. తిరిగి వచ్చే కాల్ వేరే నంబరు నుంచి రావచ్చు. లోన్ల వాళ్ళనుకుని కట్ చేస్తాం. ఏ రోజు, ఏ వేళకి చేయమంటారో మొదటిసారే చెప్పండి, మీ షిఫ్టులు మారే రోజులతో సహా.

2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇది మొదలైంది. తెలుగులో మాట్లాడేవాళ్ళు బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రంలో ఉంటారు. వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. సోమవారం సెలవు.

ఆ సోమవారమే చూసుకోవాల్సింది. మానేశాక రెండో రోజు, మూడో రోజు సిగరెట్ మీదికి లాగుడు అన్నిటికంటే ఎక్కువ. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం అప్పుడే ముదురుతాయి. మీరు పడిపోయిందీ మూడో రోజే కదా! శనివారం మానితే ఆ మూడో రోజు సరిగ్గా సోమవారానికి వస్తుంది, ఫోన్ ఎత్తేవాళ్ళుండరు. అందుకని బుధవారం పెట్టుకోండి. నైట్ షిఫ్టు మొదలయ్యే వారం మాత్రం వద్దు. సోమవారాలకీ అర్ధరాత్రులకీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. అది పొగాకుకే పెట్టింది కాదు గానీ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి ఫోన్ చేసే ముందు ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి: నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకి మొదటి సిగరెట్, ఏ సిగరెట్ వదలడం కష్టం, పోయినసారి మళ్ళీ వెలిగించింది ఎక్కడ, ఎవరితో. గేటు బయట టీ కొట్టు దగ్గరే అయితే, అక్కడ టీ బదులు ఏం చేయాలన్నదే కౌన్సెలర్‌తో తేల్చుకోవాల్సిన మాట.

ప్రశ్న: పొగ మానడానికి నికోటిన్ గమ్ నములుతుంటే ఎక్కిళ్ళు, గుండెల్లో మంట. పైగా కాఫీ తాగితే చేతులు వణుకుతున్నాయి. గమ్ పడటం లేదా?
– సీతమ్మధార

జవాబు: బబుల్‌గమ్‌లా నమిలేస్తున్నట్టున్నారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది, ఎక్కిళ్ళూ మంటా దానివల్లే. మెల్లగా నమలండి. నోట్లో కారంగా, చురచురమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేయండి. చురచుర తగ్గాక, అంటే సుమారు ఒక నిమిషానికి, మళ్ళీ నాలుగుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గలో పెట్టండి. ఒక్కో గమ్ అరగంట వస్తుంది. నమలడానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగకూడదు. పులుపుకి నికోటిన్ బుగ్గలోంచి ఒంట్లోకి ఎక్కదు.

మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి, ఆ తర్వాత మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుంటే 2 మి.గ్రా. చాలదు, 4 మి.గ్రా. కావాలి. దానికి డాక్టర్ చీటీ తీసుకోండి. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళూ, గర్భిణులూ ఏ మోతాదుకైనా డాక్టర్‌ని అడగాల్సిందే.

కాఫీ సంగతి వేరు. పొగలోని తారు లివర్‌ చేత కెఫీన్‌ని త్వరగా కరిగిస్తుంది. పొగ ఆగితే అదే కప్పు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. సగానికి తగ్గించండి. ఆస్తమాకి వాడే థియోఫిలిన్ మందు కూడా ఇలాగే ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అది వాడేవాళ్ళు పొగ మానే తేదీ డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ప్రశ్న: మా ఆయన బదులు నేను ఫోన్ చేయొచ్చా?
– మర్రిపాలెం

జవాబు: ఎలా కదిలించాలో అడగడానికి చేయండి. మానే తేదీ మాత్రం ఆయన నోటితోనే రావాలి.

ప్రశ్న: మా అమ్మమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటుంది. ‘రోజుకి ఒక్క చుట్టేగా’ అంటుంది. ఈ వయసులో ఫోన్‌లో ఏం చెబితే వింటుంది?
– పెదజాలరిపేట

జవాబు: మన తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఎప్పట్నుంచో ఉన్న అలవాటిది. చుట్టల లెక్క ఇక్కడ పనికిరాదు. ఒకే చుట్టని ఆర్పి, వెలిగించి రోజంతా లాగుతారు. ఎన్నిసార్లు నోట్లో పెడుతుందో రెండు రోజులు చూసి అది చెప్పండి. ‘చుట్ట’ అని మాత్రమే అంటే కౌన్సెలర్‌కి మామూలు చుట్టే అనిపిస్తుంది. నిప్పు లోపలికని విడమరచి చెప్పాలి. మీరు పక్కన కూర్చుని, భాష ఎంచుకునే బటన్ మీరే నొక్కి, స్పీకర్ పెట్టండి. మాట మాత్రం ఆవిడే మాట్లాడాలి.

అంతకంటే ముందు టార్చి వేసి అంగిలి చూడండి. వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే. తెల్లగా మందమైన చర్మం, మధ్యలో ఎర్రటి చుక్కలు ఇలాంటివాళ్ళలో మామూలే. ఎర్రటి మచ్చ, గడ్డ, రెండు వారాలైనా మానని పుండు కనబడితే ఆగకూడదు. నొప్పి లేదని ఊరుకోవద్దు, అంగిలి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్ళండి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ఇక గమ్ సంగతి. కట్టుడు పళ్ళుంటే అతుక్కుపోతుంది. నోట్లో కరిగే నికోటిన్ బిళ్ళ పడుతుందేమో అదే ఓపీలో అడిగి రండి.