హాస్టల్‌కు వెళ్లే అబ్బాయి చేతికి ఏటీఎం కార్డు ఇవ్వచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్ చదవడానికి హైదరాబాద్ హాస్టల్‌కు పంపుతున్నాం. వాడి పేరున బ్యాంకు ఖాతా తెరుద్దామని నేనంటే, కార్డు మన దగ్గరే ఉంచుకుందాం, లేకపోతే వారంలో ఊదేస్తాడని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కార్డు మీ దగ్గరే ఉండేటట్లయితే వాడికి ఖాతా ఎందుకమ్మా! ఊదేస్తాడేమో, నిజమే. ఊదేయనివ్వండి. నెలకు 2,000 ఇద్దామనుకుంటే ఒకటో తారీఖున ఒకేసారి వేసేయండి. పదిహేనో తారీఖుకే ఖాళీ చేసుకుని ఫోన్ చేస్తే, మిగతా రోజులు ఎలాగోలా నెట్టుకురమ్మనండి. హాస్టల్లో తిండికి లోటు ఉండదు కదా. మందులు, ఊరికొచ్చే చార్జీలు మాత్రం ఈ లెక్కలో కలపకండి. జీతం వచ్చినా 20వ తారీఖుకి చేయి చాచే కుర్రాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. వాళ్లకు ఈ దెబ్బ ఆలస్యంగా తగిలింది, అంతే.

రూల్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు మార్చినా ఆ వెసులుబాటు అలాగే ఉంది. ఎంత సొమ్ము దాకా ఉంచనిస్తారు, కార్డు ఇస్తారా అనేది ఆయా బ్యాంకుల ఇష్టం. స్టేట్ బ్యాంకులో ఇలాంటి పిల్లల కోసం 'పెహ్లీ ఉడాన్' అనే ఖాతా ఉంది. వేరే బ్యాంకయితే మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో ముందే అడగండి.

ఫారం మాత్రం మీరు నింపకండి. వాడే నింపాలి, తప్పు పోతే ఇంకో ఫారం అడిగి తెచ్చుకోవాలి. ఈ వయసులో సంతకం నెలకో రకంగా మారుతుంది కాబట్టి, ఇంటి దగ్గరే ఒకటి ఖాయం చేసుకుని వెళ్లమనండి.

ఖర్చు సంగతి అటుంచితే, నా అసలు భయం వేరే ఉంది. "నీ అకౌంట్లో కొంచెం డబ్బు పడుతుంది, తీసి ఇవ్వు, నీకు వెయ్యి ఇస్తా" అని ఏ సీనియరో అడుగుతాడు. లేదా కార్డు, సిమ్ నెల రోజులు అద్దెకిమ్మంటాడు. సైబర్ మోసగాళ్లు కొట్టేసిన డబ్బు చేతులు మార్చేది ఇలాంటి ఖాతాల్లోంచే. వాటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. ఖాతా స్తంభించడమే కాదు, పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. ఈ మాట వాడికి ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదనీ చెప్పండి. మోసపోయి సొమ్ము పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీరు తిడతారని దాచిపెడితే, ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం కూడా పోతుంది.

ఇంకో రెండేళ్లలో వాడికి 18 నిండుతాయి. అప్పుడు బ్యాంకు మళ్లీ సంతకం తీసుకుంటుంది. అది సరిగ్గా కాలేజీ అడ్మిషన్ల హడావిడిలో పడొచ్చు. ఫీజు కట్టే రోజున ఖాతా మొరాయించకుండా, పుట్టినరోజు దాటిన వారంలోనే బ్రాంచికి వెళ్లి రమ్మనండి.