పీహెచ్‌డీలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, తిరుపతి నుంచి మామ ఆశీస్సులు.

సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం తల్లీ. ఏ టాపిక్ తీసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏళ్లు కంప్యూటర్ సైన్స్ చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ఇప్పుడేది నడుస్తోందో చూసి టాపిక్ పట్టుకోవద్దు. నేను ఆ పనే చేశాను. న్యూరల్ నెట్‌వర్క్స్‌తో మొదలుపెట్టి, అందరూ డేటా మైనింగ్ అంటే అటు పోయాను, క్లౌడ్ రాగానే అదీ వదిలేశాను. పేపర్లైతే ఉన్నాయి. కానీ ‘ఈ ప్రశ్నకు ఆయన్ని అడగండి’ అని ఎవరూ ఎవర్నీ నా దగ్గరికి పంపలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారిని చూడు. మనిషి మాటను కంప్యూటర్ ఎలా పోల్చుకుంటుందన్న దాని మీద 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ ప్రశ్నను విడవలేదు. కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది 1994లో.

నీకు భాషంటే ఇష్టం కదా, ‘శ్రీ’నే తీసుకో. మనకది ఒక్క అక్షరం. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి నాలుగు కోడ్‌లు. ఆ నంబర్లను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. బైట్ల లెక్కన ముక్కలు చేసే ఏఐ భాషా మోడల్ మన వాక్యాన్ని ఎన్ని తునకలు చేస్తుందో ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టు. ఇక అవ్వ ‘యాడికి పోతా ఉండావు’ అంటే విని ఫోన్ ఏం రాస్తుందో చూడు. తప్పు రాసిన ప్రతిసారీ అవ్వ మాటనూ, ఫోన్ రాసినదాన్నీ పక్కపక్కన నోటుబుక్కులో ఎక్కించు. వంద పోగయ్యాక ఏ తప్పు ఏ రకమో విడదీసి చూడు. నీ ప్రశ్న అందులోంచే వస్తుంది.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన స్కాలర్లతో టీ తాగు. ఇచ్చిన డ్రాఫ్టు ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారో అడుగు, మిగతావన్నీ తర్వాత.

డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నల్‌కు నేనొకసారి పంపాను. టేబుల్‌లో నేను తప్పుగా వేసిన అంకె అట్లాగే అచ్చయింది. ఒక్కరూ చదవలేదన్నమాట. నువ్వు ఆ దారి తొక్కొద్దు.

ఫస్టియర్ ల్యాబ్ అప్పగిస్తే కాదనకు. పిల్లలకు పాయింటర్లు (మెమరీలో చిరునామాలు దాచుకునే వేరియబుల్స్) చెప్పలేక తడబడిన రోజే, అవి నాకే సరిగా రాలేదని తెలిసింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు మర్చిపోకు. అవ్వను కూర్చోబెట్టుకుని ఇంకో పాతిక మాటలు ఎక్కిద్దాం.

నీ మామ