లాగిన్ ఒక్కచోటే పెట్టండి

ప్రశ్న: మా రొయ్యల కంపెనీ సైట్‌లో చెరువుల లెక్క, మేత స్టాకు, బిల్లులు మూడూ వేర్వేరు టీములు కట్టిన మైక్రో ఫ్రంటెండ్లు (ఒకే సైట్‌లో కలిసి కనిపించే విడివిడి భాగాలు). ప్రతిదీ మళ్లీ లాగిన్ అడుగుతోంది. టోకెన్‌ను (లాగిన్ అయినట్టు చూపే డిజిటల్ చీటీని) బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో పెట్టి మూడింటికీ ఇచ్చేయమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దండీ. లోకల్ స్టోరేజ్‌లో ఉన్నదాన్ని ఆ పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్ అయినా చదివేస్తుంది. ఏదో ఒక టీము తెచ్చుకున్న లైబ్రరీలో దొంగ కోడ్ ఉంటే చాలు, టోకెన్లన్నీ పోతాయి.

లాగిన్ పని, ఈ మూడింటినీ తనలో చూపించే బయటి షెల్ యాప్‌కే అప్పజెప్పండి. లాగిన్‌కు ఉన్న ప్రామాణిక పద్ధతి ఓపెన్ ఐడీ కనెక్ట్ వాడండి, దానికి 2015లో వచ్చిన పీకేసీఈ పద్ధతిని (మధ్యలో ఎవరైనా లాగిన్ కోడ్ కొట్టేసినా వాడుకోలేకుండా చేసేది) జోడించండి. టోకెన్ సర్వర్ దగ్గరే ఉండాలి. బ్రౌజర్‌కు సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీ ఒక్కటే వెళ్లాలి. జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. మనిషి పేరు, హోదా కావాలంటే మూడు భాగాలూ షెల్‌ను అడుగుతాయి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, నాకు దీనిమీదే ఎక్కువ బెంగ. పాలకొల్లులో ఒక మేత డీలరుకు పనిచేసినప్పుడు, గోడౌన్ కుర్రాడికి ‘ధర మార్చు’ బటన్ కనపడకుండా దాచాం. ఓ సాయంత్రం అతను వాట్సాప్‌లో ఉన్న పాత లింకు నొక్కితే ధరల పేజీ నేరుగా తెరుచుకుంది. బస్తా ధర మార్చి సేవ్ కొట్టాడు. సేవ్ అయిపోయింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బటన్ దాచినంత మాత్రాన అనుమతి ఆగదు. ప్రతి ఏపీఐ (సర్వర్‌లో రిక్వెస్టులు అందుకునే భాగం) తన దగ్గరికొచ్చిన ప్రతి రిక్వెస్టుకూ హోదా చూసుకోవాలి.

లాగౌట్‌కి టెన్షన్ లేదు. సర్వర్‌లో సెషన్ (ఆ లాగిన్ రికార్డు) చెరిపేయండి. ఒకే ఆరిజిన్‌లో (ఒకే సైట్ చిరునామాలో) ఉన్న ట్యాబులకు బ్రౌజర్‌లోని బ్రాడ్‌కాస్ట్ ఛానల్‌తో కబురు పంపితే అన్నీ లాగిన్ పేజీకి వెళ్లిపోతాయి.